ఆట సంగతి తర్వాత, ముందు కాగితం చూడండి



మన ఇళ్లలో ఫోన్ గేముల మీద నడిచే జగడా రెండు మాటల దగ్గరే ఆగిపోతోంది. అబ్బా "హరామ్" అంటాడు. బేటా "కెరీర్" అంటాడు. అమ్మీ మధ్యలో ఛార్జర్ దాచిపెడుతుంది. జుమా బయాన్‌లో ఖతీబ్ సాబ్ ఐదు నిమిషాలు గుస్సా అయి మింబర్ దిగిపోతారు. వలీమా దావత్‌లో దుబాయ్ నుంచొచ్చిన మామూ మాత్రం "అరె మియా, అక్కడ పిల్లలు కరోడ్లు సంపాదిస్తుంటే మీరింకా పాత జమానాలోనే ఉన్నారు" అంటూ బిర్యానీ వడ్డించుకుంటాడు. రెండు పక్షాలూ గట్టిగానే మాట్లాడతాయి. రెండు పక్షాల్లో ఎవరూ ఒక్క కాగితం కూడా చదివి ఉండరు.

నా ఏతరాజ్ ఈ ఇద్దరి మీదా.

గేమ్ ఆడటం జాయజా నాజాయజా అనే బహస్ ఉలమా చేస్తారు, చెయ్యాలి కూడా. నమాజ్ పోగొట్టే ఆట, బేహయాయీ చూపే ఆట, పైసలు పందెం కట్టే ఆట, వీటి మీద పెద్ద ఇఖ్తిలాఫ్ ఏమీ లేదు. కానీ ఆ బహస్ సందట్లో అసలు ఖతరా దర్జాగా మన గడప దాటి వస్తోంది. అది స్క్రీన్ మీద కనపడదు. ఇకరార్‌నామాలో ఉంటుంది. పిల్లవాడి మేహనత్‌కి మాలిక్ ఎవరు? వాడికొచ్చే పైసా ఎవరి జేబులోంచి వస్తోంది? రేపు దుకాణం మూతపడితే నుక్సాన్ ఎవరి నెత్తిన పడుతుంది? ఈ మూడూ అడగకుండా "హరామ్" అంటే అది ఉత్త కోపం. ఈ మూడూ అడగకుండా "కెరీర్" అంటే అది ఉత్త లాలచ్.

ఊరికే నసీహత్ చేస్తే ఎవరూ వినరు గనక ఒక కంపెనీ తారీఖ్ చెప్తాను. పేరు ఫేజ్ క్లాన్. అమెరికాది. మీకు తెలియకపోతే ఇంట్లో పదిహేనేళ్ల కుర్రాణ్ణి అడగండి, వాడికి బాగా తెలుసు. ఇలాంటివాటిని ఈ-స్పోర్ట్స్ ఆర్గనైజేషన్ అంటారు. అంటే ఒకే పేరు, ఒకే జెర్సీ కింద ఈ గేముకొక టీము, ఆ గేముకొక టీము పెట్టుకుని, ఆటగాళ్లకు జీతాలిచ్చి టోర్నమెంట్లకు పంపే కంపెనీ. టోర్నమెంట్ ఇనామ్ మీద మాత్రమే ఇవి బతకవు. స్పాన్సర్ల పైసా, వీడియోల పైసా, టీ షర్టుల పైసా కావాలి. ఆ పైసా కోసం ఆటగాడి ముఖం కావాలి.

ఫేజ్ మొదలైంది 2010లో. ముగ్గురు కుర్రాళ్లు కాల్ ఆఫ్ డ్యూటీ ఆడుతూ, గాల్లో గిర్రున తిరిగి దూరం నుంచి గురి కొట్టే వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టారు. అప్పుడు దాని పేరు ఫేజ్ స్నైపింగ్. అందులో కంపెనీ లేదు, పెట్టుబడి లేదు, సేఠ్ లేడు. దోస్తానా ఉంది, హునర్ ఉంది, ఖాళీ సమయం ఉంది. మన మొహల్లా పిల్లలు గల్లీలో క్రికెట్ టీము కట్టి దానికొక పేరు పెట్టుకున్నట్టే. 2012లో పోటీ టీము కట్టారు. తర్వాత కొందరు ముందు న్యూయార్క్‌లో, ఆ తర్వాత లాస్ ఏంజెలెస్‌లో ఒకే ఇంట్లో చేరారు. అక్కడ తినడం, పడుకోవడం, పోట్లాడుకోవడం అంతా కెమెరా ముందే. ఇల్లే కార్ఖానా అయింది.

తర్వాత ఒక్క గేముతో ఆగలేదు. 2016 జనవరిలో కౌంటర్ స్ట్రైక్‌లోకి దిగారు. కొత్త కుర్రాళ్లను తయారు చేసుకుని కాదు, జీ2 అనే ఇంకో కంపెనీ టీమును మొత్తంగా కొని. అప్పట్లో వచ్చిన వార్తల ప్రకారం ధర దాదాపు 7 లక్షల డాలర్లు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆటగాళ్లను ఒక కంపెనీ ఇంకో కంపెనీకి అమ్మిందంటే ఏమిటి? మనుషుల్ని కాదు, వాళ్ల కాంట్రాక్టుల్ని అమ్మింది. ఫుట్‌బాల్లోనూ ఇదే నడుస్తుంది, చట్టంలో తప్పేమీ లేదు. కానీ "మా వాడు ఫలానా టీములో ఆడుతున్నాడు" అని ఫఖర్‌గా చెప్పుకునే తండ్రికి, ఆ ఫలానా టీము రేపు తన కొడుకు కాగితాన్ని ఇంకొకరికి అప్పగించవచ్చన్న ఖబర్ ఉండాలి కదా.

హునర్ సంగతిలో ఇన్సాఫ్‌గా ఉందాం. ఆ కౌంటర్ స్ట్రైక్ ఆట ఉత్త తమాషా కాదు. 2018 జనవరిలో బోస్టన్ మేజర్ ఫైనల్లో ఫేజ్ చివరి మ్యాప్‌లో 15-11తో ముందుండి, కప్పు చేతికొచ్చినట్టే ఉండి, అమెరికా టీము క్లౌడ్9 చేతిలో ఓడిపోయింది. నాలుగేళ్ల తర్వాత, 2022 మేలో, బెల్జియంలోని యాంట్‌వర్ప్‌లో మేజర్ గెలిచింది. ఆ ఐదుగురిలో ఒకరు డెన్మార్క్, ఒకరు నార్వే, ఒకరు కెనడా, ఒకరు ఎస్టోనియా, ఒకరు లాత్వియా. ఐదు ముల్కుల కుర్రాళ్లు ఒక్క జబాన్‌లో, అరక్షణంలో ఫైసలా చేసుకుంటూ ఆడటమంటే మామూలు రియాజ్‌తో అయ్యేది కాదు. దాన్ని "టైమ్‌పాస్" అని కొట్టిపారేసే బుజుర్గులు ఆ మేహనత్‌ని చూడలేదు. నా బాధ హునర్ మీద కాదు. హునర్ పండించిన పంట ఎవరి గోదాములోకి పోయిందన్నదే.

2019 మేలో టర్నర్ టెన్నీ అనే ఆటగాడు ఫేజ్ మీద దావా వేశాడు. ఫోర్ట్‌నైట్‌లో టీఫ్యూ అనే పేరుతో అతనికి చాలా షోహ్రత్. 2018 ఏప్రిల్లో, 20 ఏళ్ల వయసులో, ఒప్పందం మీద దస్తఖత్ చేశాడు. బ్రాండ్ల నుంచి తన పేరు మీద వచ్చే పైసాలో 80 శాతం దాకా కంపెనీ తీసుకునేలా ఆ కాగితం రాసుందని అతని షికాయత్. అదే దావాలో ఇంకో ఇల్జామ్: 11 ఏళ్ల పిల్లవాణ్ణి చేర్చుకుని, వయసు దాచమని ఇంటివాళ్ల మీద ఒత్తిడి తెచ్చారని. ఫేజ్ జవాబు వేరు. అతను లక్షల డాలర్లు సంపాదించుకున్నాడనీ, తాము తీసుకున్నది మొత్తం 60 వేల డాలర్లేననీ చెప్పింది, న్యూయార్క్‌లో తిరిగి దావా వేసింది. 2020 ఆగస్టులో ఇద్దరూ రాజీ పడ్డారు. అంటే ఎవరిది నిజమో కోర్టు తేల్చలేదు, నేను తేల్చను. కానీ ఒక్క విషయానికి కోర్టు అక్కర్లేదు. కంపెనీ "మేం అంత తీసుకోలేదు" అన్నది. తీసుకునే హక్ కాగితంలో ఉందా లేదా అన్నదే నా సవాల్. తీసుకోకపోవడం మెహర్బానీ. మెహర్బానీ మీద ఎవరి రోజీ నిలబడకూడదు.

ఈ మాట మనకు కొత్తా? మన ఖౌమ్‌కి ఇది అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది? ఎన్ని ఇళ్లలో ఒక అబ్బా, ఒక భాయ్‌జాన్ గల్ఫ్‌కి పోయి, ఏజెంటు ఇక్కడ చూపించిన కాగితం ఒకటి, అక్కడ దిగాక అరబీలో దస్తఖత్ పెట్టించిన కాగితం ఇంకొకటి అని తెలుసుకున్నారు! డ్రైవర్ అని పోయి ఒంటెలు కాసినవాళ్లున్నారు. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉండిపోయి, మయ్యత్‌కి కూడా రాలేకపోయిన కొడుకులున్నారు. చదవకుండా పెట్టిన దస్తఖత్ ఖీమత్ ఏమిటో మనకు ఒక పుస్తకం చెప్పాలా? మరి అదే మనం, ఏసీ గదిలో కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకున్న కొడుకు ఇంగ్లీషులో ఇరవై పేజీల అగ్రిమెంటు తెస్తే "మాషా అల్లాహ్" అని సంతకం పెట్టేస్తామా?

ఇక కథలో ముందుకు పోదాం. 2021 జూన్‌లో "సేవ్ ది కిడ్స్" అనే క్రిప్టో టోకెన్ ఒకటి బజారుకొచ్చింది. పిల్లల్ని కాపాడండి అని పేరు, కొంత పైసా ఖైరాత్‌కి పోతుందని వాదా. ఫేజ్ కుర్రాళ్లు కొందరు తమ అభిమానులకు దాన్ని చూపించారు. కొద్ది రోజుల్లోనే దాని ధర కుప్పకూలింది. తమకు ఏ సంబంధమూ లేదని చెప్పి కంపెనీ ఒకరిని తీసేసింది, ముగ్గురిని సస్పెండ్ చేసింది. కొన్నవాళ్ల పైసా ఏమైంది? ఎవరు కొని ఉంటారు? ఫేజ్ వీడియోలు చూసేవాళ్లే కదా, అంటే ఎక్కువమంది కుర్రాళ్లే. ఒక ముఖం మీద పిల్లలకు ఏతమాద్ కుదిరితే, ఆ ఏతమాద్‌నే సరుకు చేసి అమ్మే దుకాణం ఇది. ఎనర్జీ డ్రింక్ అమ్మిన నోటితోనే టోకెన్ కూడా అమ్మారు.

అదే సంవత్సరం అక్టోబరులో పెద్ద ఏలాన్ వచ్చింది. ఫేజ్ స్టాక్ మార్కెట్‌కి పోతోంది, ఖీమత్ 100 కోట్ల డాలర్లు. పోయిన దారి కూడా తెలుసుకోండి. ముందు ఒక ఖాళీ కంపెనీ షేర్లు అమ్మి పైసా పోగుచేసి పెట్టుకుంటుంది. తర్వాత నడుస్తున్న ఒక కంపెనీని తనలో కలుపుకుంటుంది. అలా 2022 జులై 20న ఫేజ్ నాస్‌డాక్‌లో నిలబడింది. అప్పటికి ఖీమత్ 72.5 కోట్ల డాలర్లకు దిగింది. రావలసిన పైసాలో పెద్ద భాగం రాలేదు, ఎందుకంటే ఖాళీ కంపెనీలో పెట్టినవాళ్లలో చాలామంది కలయిక జరగకముందే తమ పైసా తాము వెనక్కి తీసుకున్నారు. పెద్దవాళ్లకు ఆ దర్వాజా తెరిచే ఉంది. అన్ని ఖాతాలూ కలిపి తమకు 50 కోట్లకు పైగా అనుచరులున్నారని కంపెనీ చెప్పుకుంది. బోర్డులో స్నూప్ డాగ్ లాంటి గాయకుడు కూర్చున్నాడు. షాన్ షౌకత్‌కి కొదవ లేదు. హిసాబ్ మాత్రం కుదరలేదు. 2022లో ఆమ్దానీ దాదాపు 7 కోట్ల డాలర్లు, నుక్సాన్ దాదాపు 16.8 కోట్లు. 10 డాలర్ల చుట్టూ మొదలైన షేరు ఏడాది తిరగకముందే డాలర్ కిందికి పడింది. 2023లో రెండు విడతలుగా నౌకర్లు తీసేశారు. సెప్టెంబరులో సీఈఓ పోయాడు. అక్టోబరులో గేమ్‌స్క్వేర్ అనే కంపెనీకి అమ్ముతున్నట్టు చెప్పారు. ధర? దాదాపు 1.7 కోట్ల డాలర్లు, అదీ నగదు కాదు, షేర్ల రూపంలో. పదిహేను నెలల్లో 72.5 కోట్ల నుంచి 1.7 కోట్లకు!

ఇందులో నన్ను కలవరపెట్టేది ఒకటుంది. కంపెనీ షేరు మట్టిలో కలుస్తున్న ఆ 2023 మార్చిలోనే కౌంటర్ స్ట్రైక్ టీము ఇంటెల్ గ్రాండ్ స్లామ్ గెలిచి 10 లక్షల డాలర్ల ఇనామ్ తెచ్చింది. అంటే ఆటగాళ్లు ఓడిపోయి కంపెనీ మునగలేదు. ఆటగాళ్లు గెలుస్తూనే ఉన్నారు, పైన కూర్చున్నవాళ్ల హిసాబ్ మునిగింది. "బాగా ఆడితే భవిష్యత్తు ఉంటుంది" అని పిల్లలకు చెప్పేవాళ్లు ఈ రెండు వార్తలూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. బాగా ఆడటం ఒక్కటే చాలదు. మన పిల్లవాడి రోజీ వాడి చేతివేళ్ల మీద కాదు, వాడు ఎన్నడూ చూడని ఒక బహీఖాతా మీద ఆధారపడి ఉంటుంది.

ఇక పైసా ఎక్కడినుంచి వస్తోందన్న రెండో సవాల్. 2022లో ఫేజ్ డ్రాఫ్ట్‌కింగ్స్‌తో చేతులు కలిపింది. అది బెట్టింగ్ కంపెనీ. 2024 మేలో ఫేజ్ వీడియోల వ్యాపారాన్ని విడదీసి, అందులో 49 శాతం వాటాను 1.1 కోట్ల డాలర్లకు అమ్మితే, ఆ పైసా పెట్టినది డ్రాఫ్ట్‌కింగ్స్ స్థాపకుల్లో ఒకరైన మ్యాట్ కేలిష్ కంపెనీ. చూశారా? పిల్లల ఆటతో మొదలైన పేరు చివరికి ఎవరి గుమ్మం ముందుకు చేరిందో! జువా గురించి ఖురాన్ హుకుం ఏమిటో మన ఇంట్లో చిన్నపిల్లకు కూడా తెలుసు. శరాబ్ పక్కనే దాని జిక్ర్ ఉంది. మన పిల్లవాడు జువా ఆడకపోవచ్చు. కానీ జువా కంపెనీ పేరు ఛాతీ మీద వేసుకుని వెయ్యిమంది పిల్లలకు దాని దర్వాజా చూపిస్తే ఆ కమాయిలో బరకత్ ఎక్కడినుంచి వస్తుంది? ఇది అడగాల్సిన సవాల్. "గేమ్ హరామ్" అని అరిచి కూర్చుంటే ఈ సవాల్ అడగడమే మర్చిపోతాం.

"అది అమెరికా భాయ్, కాఫిర్ల మామలా. ఇప్పుడు అసలు ఆట రియాద్‌లో నడుస్తోంది, అది మనది" అని ఇక్కడ మామూ లేస్తాడు. సరే, అక్కడికే పోదాం. టీమ్ ఫాల్కన్స్ 2017లో సౌదీలో పుట్టింది. దాన్ని నిలబెట్టిన ముసాద్ అల్-దోసరీ 2018లో లండన్‌లో ఫీఫా ఈ-వరల్డ్ కప్ గెలిచి రెండున్నర లక్షల డాలర్లు తీసుకున్న కుర్రాడు. అతని మేహనత్‌కి సలామ్. 2024లో రియాద్‌లో ఈ-స్పోర్ట్స్ వరల్డ్ కప్ పెట్టారు, మొత్తం ఇనామ్ 6 కోట్ల డాలర్లు. అన్ని గేములూ కలిపి చూసే క్లబ్ ఛాంపియన్‌షిప్‌లో ఫాల్కన్స్ గెలిచి 70 లక్షల డాలర్లు తీసుకుంది. 2025లోనూ అదే గెలిచింది. మన వాట్సాప్ గ్రూపుల్లో ఆకుపచ్చ జెండాలు ఎగిరాయి.

ఫఖర్ పడండి, నేనెవర్ని వద్దనడానికి? కానీ కళ్లు తెరిచి పడండి. ఆ కౌంటర్ స్ట్రైక్ టీములో బోస్నియా నుంచి, రష్యా నుంచి తెచ్చిన మహా ఆటగాళ్లున్నారు. పెద్ద టోర్నమెంట్లు నడిపే ఈఎస్ఎల్, ఫేసిట్ కంపెనీలను 2022లో 150 కోట్ల డాలర్లకు కొన్నది సౌదీ సర్కారు ఖజానా కింద నడిచే శావీ గేమ్స్. అంటే మైదానమూ ఖజానాదే. అలాంటి చోట లాభం చూపించాల్సిన మజ్‌బూరీ లేదు, అందుకే అంతంత జీతాలు. ఖజానా మనసు మారితే? 2024 జులైలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సౌదీతో ఈ-స్పోర్ట్స్ ఒలింపిక్స్ కోసం 12 ఏళ్ల ముఆహిదా ప్రకటించింది. 2025 అక్టోబరులో అది ముగిసిపోయింది, ఒక్క ఆట కూడా జరగకుండా. రెండు పెద్ద సంస్థలు, 12 ఏళ్ల మాట, పదిహేను నెలలకే ఖతం. మరి కరీంనగర్‌లోనో కడపలోనో ఒక కుర్రాడి చేతిలో ఉన్న ఒక సంవత్సరం కాగితం ఎంతకాలం నిలుస్తుంది? కలిమా చదివే సేఠ్ అయినంత మాత్రాన కాగితం చదవక్కర్లేదని ఏ ఫిఖ్హ్ కితాబ్‌లో ఉంది?

మన ముల్క్‌లో ఇంకో సంగతి కూడా చూశాం. 2020 సెప్టెంబరు 2న పబ్జీ మొబైల్ మీద నిషేధం వచ్చింది. 2021 జులైలో అదే ఆట బీజీఎమ్ఐ పేరుతో తిరిగొచ్చింది. 2022 జులైలో మళ్లీ పోయింది. 2023 మేలో మళ్లీ వచ్చింది. ఇందులో ఏ ఆటగాడి తప్పూ లేదు. గిల్లీ దండా మీద ఎవరికీ పట్టా లేదు, కబడ్డీ మీద ఎవరికీ పట్టా లేదు. వీడియో గేము అలా కాదు, దానికి మాలిక్ ఉంటాడు. వాడు మూసేస్తే మైదానమే ఉండదు. 2019 నవంబరులో ఫేజ్‌కే చెందిన 17 ఏళ్ల కుర్రాడు వీడియో కోసం చీటింగ్ సాఫ్ట్‌వేర్ వాడితే ఫోర్ట్‌నైట్ కంపెనీ జీవితకాల నిషేధం వేసింది. వాడు చేసింది ధోకానే, సజా పడాల్సిందే. కానీ ఆ ముకద్దమాలో ఖాజీ ఎవరు? ఆటను అమ్మే దుకాణదారే.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. పైసలు పెట్టి ఆడే గేముల్ని ఆపింది, ఈ-స్పోర్ట్స్‌ని క్రీడగా గుర్తించింది. చాలామంది దీన్ని చూపించి "గవర్నమెంటే జాయజ్ అన్నది" అంటున్నారు. గవర్నమెంటు జాయజ్ అన్నదల్లా మనకు జాయజ్ అయితే బ్యాంకు సూద్ కూడా జాయజే కావాలి. ఆ చట్టంలో పోటీకి ఎంట్రీ ఫీజు కట్టవచ్చు. కానీ ఫిఖ్హ్‌లో సవాల్ ఇంకో అడుగు ముందుకు పోతుంది: ఆడేవాళ్లు కట్టిన ఫీజులే పోగై గెలిచినవాడి ఇనామ్ అవుతున్నాయా? అయితే చాలామంది ఫుఖహా నజర్‌లో అది ఖిమార్ వైపు పోతుంది. బయటి స్పాన్సరో, నిర్వాహకుడో సొంతంగా ఇస్తే మామలా వేరు. మొహల్లా కేఫ్‌లో యాభై రూపాయలు కట్టి ఆడే టోర్నమెంటుకు కూడా ఈ సవాల్ వర్తిస్తుంది. మీ అబ్బాయిని ఎప్పుడైనా ఇది అడిగారా?

ఖతీబ్ సాబ్‌తో అదబ్‌తో అర్జ్ చేస్తున్నాను. అల్-బఖరా సూరాలో 282వ ఆయత్ ఖురాన్‌లోకెల్లా పొడవైనది. అది ఇబాదత్ గురించి కాదు, అప్పు లావాదేవీ రాసుకోవడం గురించి, గవాహ్‌ల గురించి. అన్-నిసాలో యతీముల మాల్ అప్పజెప్పే ముందు వాళ్లలో రుష్ద్ చూడమని హుకుం ఉంది. మజ్దూరీ ముందే తెలిసి ఉండాలని ఇజారా బాబ్‌లో మన ఫుఖహా రాశారు. ఇంత ఇల్మ్ మన దగ్గర ఉండగా మింబర్ మీంచి ఒక్క మాట "హరామ్" అని దిగిపోతే, ఆ కుర్రాడు మీ దగ్గరికి మళ్లీ రాడు. కాగితం తీసుకుని ఇంకెవరి దగ్గరికో పోతాడు. వాడు మీ దగ్గరికి తెచ్చేలా మాట్లాడండి.

తండ్రులతో ఇంకా సూటిగా చెప్తాను. మన 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం 18 నిండనివాడికి ఒప్పందం చేసుకునే హక్ లేదు. మైనర్ చేసుకున్న ఒప్పందం మొదటినుంచీ చెల్లదని 1903లోనే మొహోరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. అందుకే కంపెనీ మీ ఇంటికి వస్తుంది. మీ అబ్బాయి దస్తఖత్ వాళ్లకు పనికిరాదు, మీది కావాలి. పాత బస్తీలో గాజుల కార్ఖానాలో పిల్లవాణ్ణి పొద్దుట్నుంచి రాత్రి దాకా కూర్చోబెట్టినవాణ్ణి మనం జాలిమ్ అంటాం. పిల్లవాడు అదే పన్నెండు గంటలు కుర్చీలో కూర్చుంటే, చేతిలో గాజుకి బదులు మౌస్ ఉందన్న ఒక్క కారణంతో మాట మార్చకండి. అడగండి: జీతం నెలకెంత, ఏ తారీఖున? ఇనామ్‌లో వాడి హిస్సా ఎంత? వాడి పేరు, ముఖం, యూట్యూబ్ ఖాతా ఎవరివి? బెట్టింగ్, శరాబ్ కంపెనీల పేరు జెర్సీ మీద ఉంటే వేసుకోనని చెప్పే హక్ ఉందా? జుమా రోజు, పరీక్షల రోజు సంగతేమిటి? మధ్యలో మానేస్తే జుర్మానా ఎంత? కంపెనీ మూతపడితే వాడు ఆజాదా, కాదా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పని కంపెనీకి చాయ్ ఇచ్చి మర్యాదగా పంపించండి. వకీలుకిచ్చే రెండు మూడు వేలకు వెనకాడకండి, ఈద్‌కి ఒక జత బట్టలు తక్కువ కొందాం.

అమ్మీలకూ ఒక మాట. ఇంట్లో ఈ కాగితం సంగతి మొదట తెలిసేది మీకే. అబ్బా గుస్సాకి జడిసి కొడుకు ముందు మీ చెవినే వేస్తాడు. దాచకండి. దాచిన కాగితం రేపు దావా కాగితం అవుతుంది.

కుర్రాళ్లకు కూడా చెప్పాలి. మీరు ఏమీ తెలియనివాళ్లు కాదు, మాకు తెలియనివి మీకు చాలా తెలుసు. ఫేజ్ టీములోనే ఎస్టోనియా ఆటగాడు రోప్జ్‌ని గుర్తు చేసుకోండి. 2024 చివర్లో ఒప్పందం తారీఖు ముగిసేదాకా ఆగాడు. ముగిశాక తన మర్జీతో వైటాలిటీకి పోయాడు, 2025లో వాళ్లతో మేజర్ కూడా గెలిచాడు. అతనికి తన కాగితంలో తారీఖు తెలుసు. మీకు మీ గన్ను ఎన్ని తూటాలు పడుతుందో తెలుసు, మీ కాగితంలో తారీఖు తెలుసా? చదువు వదిలేస్తానని బెదిరించే ముందు ఆ ఒక్క దానికి జవాబు చెప్పండి.

ఫేజ్ ఇంకా బతికే ఉంది. అమ్మకం తర్వాత పాత కుర్రాళ్లలో ఒకడే వచ్చి కొంతకాలం సీఈఓ కుర్చీలో కూర్చున్నాడు. పేరు మిగిలింది, అభిమానులు మిగిలారు. మధ్యలో వచ్చిపోయినవాళ్లు ఎంత తీసుకుపోయారో, కింద ఉన్నవాళ్లు ఎంత పోగొట్టుకున్నారో ఆ కంపెనీ చరిత్ర చదివితే తెలుస్తుంది. మన ఇళ్ల నుంచి కూడా రేపు గొప్ప ఆటగాళ్లు వస్తారు, ఇన్షా అల్లాహ్, వాళ్లలో బేటీలు కూడా ఉంటారు. వాళ్లను ఆపమని నేను అనను, గుడ్డిగా పంపమని కూడా అనను. ఈ జుమా తర్వాత మస్జిద్ కమిటీలో ఎవరైనా ఒక వకీల్ సాబ్‌ని, గేమ్ తెలిసిన ఒక కుర్రాణ్ణి, ఒక ఆలిమ్‌ని ఒకే చటాయి మీద కూర్చోబెట్టండి. మొహల్లాలో ఇలాంటి కాగితం ఏ ఇంటికొచ్చినా ముగ్గురూ కలిసి చదివిపెట్టాలి. దీనికి చందా అక్కర్లేదు, ఇమారత్ అక్కర్లేదు. నెలకు ఒక ఘంట చాలు.

అల్లాహ్ హాఫిజ్.